బొమ్మకు బిరుదిచ్చాం, చెట్టుకేమిచ్చాం?

ఏటికొప్పాక లక్కబొమ్మకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో దాని పేరెత్తారు. 2023లో ఆ ఊరి సి.వి. రాజుగారికి పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఆ బొమ్మలే ఊరేగాయి, మూడో బహుమతి కూడా తెచ్చాయి. చప్పట్లు కొట్టాం, ఫోన్లలో వీడియోలు పంచుకున్నాం. సంతోషం. ఇన్ని మర్యాదలు జరిగిన ఆ బొమ్మకు ఒళ్లిచ్చిన అంకుడు చెట్టుకు ఏం దక్కింది? గొడ్డలి దక్కింది. దాని పక్కన ఇంకో అంకుడు మొక్క నాటాలన్న ఆలోచన మాత్రం ఎన్ని ఊళ్లకు వచ్చింది?

ఆ చెట్టు తరఫున రాస్తున్న సందేశం ఇది. బొమ్మలు చేసేవాళ్లకు మాత్రమే కాదు. చిన్నప్పుడు లక్కపిడతల్లో ఉత్తుత్తి అన్నం వండి ఇంటిల్లిపాదికీ పెట్టినవాళ్లకు, సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు తీర్చేవాళ్లకు, సభకొచ్చిన పెద్దమనిషి చేతిలో కొండపల్లి అంబారీ పెట్టి ఫోటో దిగే సంఘాలవాళ్లకు, అమెరికా ప్రయాణానికి సూట్‌కేసు సర్దుకుంటూ ఓ నిర్మల్ బొమ్మ కొనుక్కునేవాళ్లకు, అందరికీ. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నది చాలు. ఇక ఆ చెట్టు దగ్గరికి పోదాం.

ముందు ఆ పనేమిటో దగ్గర నుంచి చూడండి. వరాహ నది ఒడ్డున, అనకాపల్లి జిల్లాలో ఉంది ఏటికొప్పాక. అక్కడ పనివాడు ఆరిన అంకుడు కర్ర ముక్కను లేత్‌కు బిగిస్తాడు. ముక్క గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనిస్తాడు. పొట్టు రింగులు రింగులుగా లేచి ఒళ్లో పడుతుంది. కళ్ల ముందే ఆ ముక్కకు మెడ వస్తుంది, పొట్ట వస్తుంది, చెంబో కుంకుమభరిణో బొంగరమో అవుతుంది. అప్పుడు రంగు కలిపిన లక్క కణిక తీసుకుని తిరుగుతున్న కర్రకు అద్దుతాడు. ఆ రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. పొయ్యి లేదు, కుంచె లేదు. ఆఖరున మొగలి ఆకు మడిచి గట్టిగా ఒత్తితే అద్దం మెరుపు వస్తుంది. తిరిగే లేత్ మీద కణిక ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. క్షణం ఎక్కువైతే పక్క రంగులోకి పాకుతుంది.

ఇప్పుడు ఆ చిన్న భరిణలో ఎవరి వాటా ఎంతో లెక్క చూద్దాం. కర్ర అంకుడు చెట్టుది. లక్క ఓ చిన్న పురుగుది. అది మోదుగ, రేగు, పుసుగు చెట్ల కొమ్మల మీద బతుకుతుంది, మన దేశంలో ఎక్కువగా జార్ఖండ్‌లో పండుతుంది. అంటే అక్కడి ఆదివాసీ రైతు కూడా మన లక్కపిడతలో ఉన్నాడు. పసుపు రంగు పసుపు కొమ్ముది, నారింజ జాఫ్రా గింజది, నీలం నీలి ఆకుది. మెరుపు మొగలి పొదది. పనివాడిది నేర్పు. దీన్నే పరిశ్రమ అంటున్నాం. ఈ పరిశ్రమకు సరుకు గిడ్డంగి అడవి, డొంక, పొలం గట్టు. ఆ గిడ్డంగికి తాళం వేసేవాడు లేడు, నింపేవాడూ లేడు.

రసాయన రంగుల మోజులో పడిన ఊరిని మళ్లీ చెట్టు రంగుల దారికి తిప్పిన ఘనత సి.వి. రాజుగారిది. పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు కదా అన్న ఎరుక ఉన్నవాడు చేసే పని అది. రంగుల విషయంలో ఒక మనిషి పట్టుదల ఊరిని మలుపు తిప్పింది. కర్ర విషయం అంత సులువు కాదు. రంగు గింజ పెరట్లో పండుతుంది. కర్రకు కొండ కావాలి, ఏళ్లు కావాలి, పది చేతులు కావాలి. అందుకే ఈ పనికి ఒక మనిషి చాలడు.

కొండపల్లికి పోతే ఇబ్బంది ఇంకా ముదిరి కనిపిస్తుంది. అక్కడి బొమ్మ తెల్లపొణికిది. గోరుతో గీస్తే గీత పడేంత మెత్తని చెక్క, సన్నసెగన నీరు ఇగిరిస్తే చేతిలో బరువే తెలియదు. తల వేరు, మొండెం వేరు, చేతులు వేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. తాడిచెట్టెక్కే గౌడన్న, దశావతారాలు, పల్లెపడుచులు, అన్నీ ఆ పొణికి మొద్దులోంచి వచ్చినవే. నిర్మల్ నకాషీల బొమ్మకూ ఆధారం ఆ పొణికే. మరి పొణికి రాతి గుట్టల మీద తనంతట తాను మొలవాల్సిన అడవి చెట్టు. గింజ పెంకు గట్టిది, ఓ పట్టాన మొలకెత్తదు. ఇంటి వెనక నాలుగు గింజలు పాతి ఊరుకుంటే అయ్యే పని కాదది. అటవీ నర్సరీలు, వ్యవసాయ కళాశాలలు నడుం కట్టాలి. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో వీణ చేసే సర్వసిద్ధి కుటుంబాలవాళ్లను అడిగినా ఇదే గోడు. ఒకే మొద్దులోంచి తొలిచే ఏకాండి వీణకు ముదురు పనస కావాలి. పనస కాయ కోసం అందరం చెట్టు పెంచుతాం, మనవడి కాలానికి వీణ కావాలని ఎవరు పెంచుతున్నారు?

ఈ పాపం ఒకరిది కాదు, తిలా పాపం తలా పిడికెడు. గుట్టలను గ్రావెల్ కోసం తొలిచాం. తెగ నరికిన డొంకల్లో సరుగుడు, నీలగిరి వేసి పచ్చగా ఉందని మురిశాం. ఎండాకాలం కొండకు నిప్పంటుకుంటే ఎవరో ఆర్పుతారులే అని ఊరుకున్నాం. ఆ మంటలో మాడిపోయేది ముందు ఏడాది మొలిచిన పసి మొక్కే. ఇక మొక్కలు నాటే పండగ సంగతి. 1950లో కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టారు. డెబ్బై అయిదేళ్లుగా ఏటా నాటుతూనే ఉన్నాం. ఏం నాటాం? రోడ్డు మధ్య డివైడర్ల నిండా కోనోకార్పస్ నాటి, తీరా పెరిగాక అది ఒంటికి పడదని పీకించుకుంటున్నాం. ఆ గుంతల్లో పదింట ఒక్కటైనా అంకుడికో పనసకో ఇచ్చి ఉంటే ఇప్పుడు ఈ సందేశం రాసే పని ఉండేది కాదు. అక్కడక్కడా నాటినవాళ్లు లేకపోలేదు, వాళ్లకు దండం. కానీ ఫోటో కోసం నాటడం వేరు, మూడు ఎండాకాలాలు దాటించడం వేరు.

"అయితే కొట్టడం ఆపేయమనండి, అడవి అదే పెరుగుతుంది" అనేవాళ్లున్నారు. పట్నంలో కూర్చున్నవాడికి ఈ మాట తేలిక. బొమ్మలు చేసేవాడు ఆ పని మానేస్తే అంకుడు మీద ఊళ్లో ఎవరికీ ఆశ ఉండదు. ఆశ లేని చెట్టు పొయ్యిలోకి పోతుంది, లేదా బుల్డోజరు కిందికి పోతుంది. చెట్టు మీద బతికేవాడే చెట్టుకు కాపలా, కాకపోతే వాడికి కాపలా కాసే హక్కూ తెలివీ రెండూ ఉండాలి.

తెలివి ఎక్కడో లేదు, మన దగ్గరే ఉంది. లేత్ మీదకు మహావృక్షం అక్కర్లేదు. చేతికి అందే లావు కొమ్మ చాలు. అంకుడును నేలకు జానెడు ఎత్తున, పదునైన కత్తితో, మోడు చీలకుండా ఏటవాలుగా నరికితే చచ్చిపోదు. తొలకరి పడగానే మోడు చుట్టూ చిగుళ్లు పొడుచుకొస్తాయి. బలమైనవి నాలుగుంచి మిగతావి తుంచేస్తే, కొన్నేళ్లకు అదే మోడు మళ్లీ కర్ర ఇస్తుంది. ఈ ఏడు ఈ గట్టు, వచ్చే ఏడు ఆ గట్టు అని వంతులు వేసుకుంటే ఊరికి ఎప్పుడూ కర్ర ఉంటుంది. మొద్దుబారిన గొడ్డలితో, అదునూ పదునూ లేకుండా, దొరికింది దొరికినట్టు అడ్డంగా నరికి మోపు కట్టుకుపోవడం విత్తనపు వడ్లు దంచుకుని పండగ చేసుకోవడమే.

మన్యంలో తపసి బంక కథ వినండి. తపసి చెట్టు బెరడుకు గాటు పెడితే బంక కారుతుంది. మందుల్లోకి, కట్టుడు పళ్లు అంటించే పొడుల్లోకి, ఐస్‌క్రీముల్లోకి విదేశాలకు పోయే సరుకది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కొనేదాంట్లో దానికి పెద్ద పేరు. ఒకప్పుడు గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టేవారు. ఒకటి రెండు కాతలకు బంక బాగానే వచ్చేది, ఆపైన చెట్టే పోయేది. తర్వాత పద్ధతి మారింది. చిన్న పనిముట్లతో పైపైన గాటు, గాయం మానడానికి గడువు, వానల్లో విశ్రాంతి. బంక శుభ్రంగా వచ్చింది, మేలిరకానికి ధర పలికింది, చెట్టు నిలిచింది. నేర్పింది బయటివాళ్లయినా నిలబెట్టింది చెట్టెక్కే గిరిజనులే. చెట్టు బతికితే ఏటేటా డబ్బు అని లెక్క తేలాక ఇంకెవరూ చెప్పే పని ఉండదు.

సముద్రం వైపు చూసినా ఇదే నీతి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట బంద్. చేప గుడ్డు పెట్టే కాలం అది. 2015కు ముందు 47 రోజులుండేది, దాన్ని 61 చేశారు. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో బోట్లు ఒడ్డెక్కుతాయి, వలలు బాగుచేసుకుంటారు, అప్పులూ చేస్తారు. భృతి ఇస్తున్నా ఆ రెండు నెలలు మత్స్యకారుల ఇంట గడ్డుకాలమే. అయినా ఆగుతున్నారు. ఎందుకంటే ఒక్క బోటు ఆగితే లాభం లేదు, అన్నీ ఆగితేనే అందరికీ చేప. పూట గడవని మనిషి సముద్రం కోసం రెండు నెలలు పస్తుండగలిగితే, నెల జీతం తెచ్చుకునే మనం ఓ చెట్టు కోసం ఏ మాత్రం కదలలేమా?

హక్కు మాట. ఇది కాస్త చిక్కు. అడవిలో కలప చిరు అటవీ ఫలసాయం కింద రాదు. రిజర్వు అడవిలో అంకుడు కొమ్మ కొట్టినవాడు చట్టం లెక్కలో దొంగే. పద్మశ్రీలు వచ్చిన కళకు ముడిసరుకు తెచ్చేవాడు గార్డు కనపడగానే మోపు పొదలోకి విసిరి దాక్కోవాలి. సిగ్గుపడాల్సింది ఆ దాక్కున్నవాడా, దాక్కునేలా చేసినవాళ్లమా? ఇది మారదా అంటే, వెదురు విషయంలో మారింది. మేదరి బుట్టల వెదురును 2006 అటవీ హక్కుల చట్టం చిరు అటవీ ఫలసాయంలో చేర్చింది. 2017లో, అడవి వెలుపల పెంచిన వెదురు ఇక చెట్ల లెక్కలోకి రాదని 1927 నాటి అటవీ చట్టాన్ని సవరించారు. చట్టాలు ఊరికే మారవు, అడిగినవాళ్లుంటే మారతాయి.

అడిగినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది మనకు ఇరుగుపొరుగైన గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా. చిన్న గోండు పల్లె. 2009లో ఊరి అడవి మీద సామూహిక హక్కు పత్రం సంపాదించారు. పత్రం వచ్చినా వెదురు రవాణాకు పర్మిట్ అటవీశాఖే ఇవ్వాలని పేచీ. ఊరంతా పట్టు వదలలేదు. 2011లో ఆ రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది. ఏ వెదురు కొట్టాలో, ఎంత కొట్టాలో, ఎవరికి అమ్మాలో ఊరే కూర్చుని తేల్చుకుంటుంది. అక్కడ ఓట్లు లెక్కపెట్టరు, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుంటారు. మన ఊళ్లలో గ్రామసభలంటే సంతకాల పుస్తకం ఇంటింటికీ తిప్పడమేనని అందరికీ తెలిసిందే. ఆ పుస్తకం మూసి, చెట్టు కింద కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టండి.

సర్పంచులారా, మీ పంచాయతీకి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలని 2002 నాటి చట్టం చెప్పింది. ఉంటే కాగితం మీదే ఉండి ఉంటుంది. దాన్ని లేపండి. ఊరి చెట్టూ చేమా రాసే రిజిస్టరులో అంకుడు, పొణికి, పనస, మోదుగ, మొగలి ఎక్కడెక్కడ ఎన్ని మిగిలాయో ముసలివాళ్లను వెంటేసుకుని తిరిగి రాయించండి. ఉపాధి పనుల్లో గుంతలు తీయిస్తున్నారు కదా, ఆ గుంతల్లో ఏ మొక్క పెట్టాలో పైనుంచి వచ్చిన లారీ తేల్చకూడదు. మా ఊరికి అంకుడు కావాలి అని తీర్మానం రాసి పంపండి. సొంత పొలం గట్టున పెంచిన చెట్టును కొట్టుకుని తీసుకెళ్లడానికి పర్మిట్ కావాలో అక్కర్లేదో పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించమని అటవీశాఖను అడగండి. ఆ భయం పోతే గాని రైతు గట్టున చెట్టు పెంచడు. ఇది నా మాట కాదు, ఏ రైతునడిగినా చెబుతాడు.

బొమ్మలు చేసే అన్నలారా, అక్కలారా, మీకు చెప్పే అర్హత నాకు లేదు, అయినా ఒక్క మాట. కర్ర దొరకడం లేదని పసి మొక్కలను నరకకండి. సంఘంలో చిన్న నిధి పెట్టుకుని, అమ్మిన ప్రతి బొమ్మ మీద ఓ రూపాయి మొక్కకని పక్కన వేయండి. బొమ్మ అట్టపెట్టె మీద ఆ సంగతి రాయండి, కొనేవాడు గర్వంగా ఇస్తాడు. మీ పిల్లలు దగ్గర్లోని అచ్యుతాపురం కంపెనీల వైపు చూస్తున్నారని బాధపడతారు. నెల జీతం వైపు చూడటం తప్పేం కాదు. ఏడాది పొడుగునా కర్ర దొరుకుతుందన్న నమ్మకం ఉంటే, కొందరైనా లేత్ ముందే కూర్చుంటారు. ఎప్పుడు కర్ర వస్తుందో, ఎప్పుడు కేసు పడుతుందో తెలియని పనిలోకి కొడుకును రమ్మని ఏ తండ్రి అంటాడు?

ఇక కొనేవాళ్లం మనం. బజారు తలుపులు ఈమధ్య మన బొమ్మకు బాగానే తెరుచుకున్నాయి. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 2020లో 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 నుంచి బొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసి, నమోదైన చేతిపనివాళ్లకు, భౌగోళిక గుర్తింపున్న బొమ్మలకు ఆ భారం లేకుండా చూశారు. ఇంత వెసులుబాటు దొరికిన వేళ, ప్రదర్శనలో బొమ్మ ముందు నిలబడి "ప్లాస్టిక్‌ది యాభైకే వస్తోందిగా" అని బేరం మొదలుపెట్టడం మన అలవాటు. షాపింగ్ మాల్‌లో నోరెత్తని మనిషికి చేతిపనివాడి ముందు ఎక్కడలేని వాక్చాతుర్యం పుట్టుకొస్తుంది. ఆ బేరంలో తెగిన పది రూపాయలు పనివాడి కూలిలోంచి కొంత, చెట్టు వయసులోంచి కొంత పోతాయి. తొందరగా, చవగ్గా, ఎక్కువ కావాలని మనం తోస్తే అడవిలో కోత కూడా అలాగే సాగుతుంది. సరైన ధర ఇవ్వండి. ఇచ్చి, ఈ కర్ర ఎక్కడిది, దాని బదులు మొక్క పెట్టారా అని అడగండి. పదిమంది అడిగితే దుకాణదారు అడుగుతాడు, దుకాణదారు అడిగితే సంఘం కదులుతుంది. వందల బొమ్మలు ఒక్కసారి కొనే కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు, విదేశాల్లోని తెలుగు సంఘాలు ఈ ప్రశ్నను ఆర్డరు కాగితం మీదే రాయొచ్చు. జ్ఞాపికలు పంచేవాళ్లు జ్ఞాపికకో మొక్క ఖర్చు కూడా ఇవ్వొచ్చు. అది భరించలేని సంఘం సన్మానాలు తగ్గించుకుంటే సరి. శాలువాలు ఎలాగూ ఎక్కువయ్యాయి.

బడి పంతుళ్లకు వేరే మనవి. అంకుడు చెట్టు ఎలా ఉంటుందో బొమ్మల ఊరి పిల్లలకే తెలియని రోజు వస్తోంది. వాళ్లను గట్టు మీదికి తీసుకెళ్లండి. ఆకు తుంచి కారే పాలు చూపించండి. కొసలు కలిసి వేలాడే జంట కాయలు చూపించండి. పదో తరగతి పుస్తకంలో లేదు కదా అనకండి, పరీక్ష పెట్టమని నేనూ అనడం లేదు.

మరి ఎప్పుడు మొదలుపెట్టాలి? అంకుడు కాయలు చలికాలం పోయే వేళకు ముదురుతాయి. ఎండలు ముదిరాయంటే కాయ పగిలి, దూది కుచ్చు కట్టుకున్న గింజ గాలికి ఎగిరిపోతుంది. పగలకముందే కోసి, నీడన ఆరబెట్టి, గుడ్డ సంచిలో మూతి కట్టి ఉంచాలి. తొలకరికి నెలా రెండు నెలల ముందు మట్టీ ఎరువూ కలిపిన కవర్లలో పోయాలి. వానలు నిలదొక్కుకోగానే గట్టు మీదికి చేర్చాలి. జనవరి 26న ప్రతి ఊళ్లో గ్రామసభ ఉంటుంది, కాయ కోతకు సరిగ్గా అదను అదే. ఆ రోజు జెండా ఎగరేసి మిఠాయి పంచాక ఇంటికి పోకండి. కాయలు కోసేదెవరు, నారు పోసేదెవరు, మొదటి మూడు ఎండాకాలాలు నీళ్లు మోసేదెవరు, కొండకు నిప్పు పడితే ముందు పరుగెత్తేదెవరు, పేరు పేరునా తీర్మానం పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టండి. ఆ మధ్యాహ్నమే నిచ్చెనా కొడవలీ పట్టుకుని గుట్టకు బయలుదేరండి.